నలభై ఒకటో నంబరు

టొలీడోలో ఆ రాత్రి పన్నెండు కొట్టడానికి
ఇంకా మూడు గంటలుంది.
బొమ్మల షాపు ముందు వరస
పార్కింగులో చివరి దీపస్తంభం దాకా పాకి
అక్కణ్ణుంచి వెనక్కి మళ్ళింది.
పేరుకే మే నెల. మామీ నది మీంచి గాలి
చెవులు పట్టుకు మెలిపెడుతోంది.

నాకు పదకొండేళ్ళు.
జేబులో ఇరవై రెండు డాలర్లు,
చలికాలమంతా ఏడిళ్ళ వాకిళ్ళలో మంచెత్తిన కూలి.
సినిమాకింకా రెండు వారాలుంది, బొమ్మలు మాత్రం ముందే దిగాయి.
కథ ఎవరికీ తెలీదు. చెప్పనివాడు లేడు.
కెప్టెన్ చచ్చిపోతాడని లమాంట్ ఒట్టేశాడు,
నేను వాడితో గంటసేపు మాట్లాడలేదు.

నాన్నకి జీపుల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్.
అందుకని నాకు తోడు బూషా,
అంటే మా నాయనమ్మ,
మడత కుర్చీతో, ఫ్లాస్కుతో,
తువ్వాల్లో చుట్టిన ఉడికిన గుడ్లతో.
"ఏమిస్తున్నారు?" అంది ముందున్నాయన్ని.
బొమ్మలన్నాడు.
"పంచదార?"
లేదన్నాడు.
అయినా కుర్చీ వేసుకుంది.

పోజ్నాన్‌లో ఆమె వయసంతా వరసల్లోనే గడిచింది.
మాంసానికో వరస, బూట్లకో వరస,
ఒకసారి నాలుగు గంటలు నిలబడితే
చివర్లో ఇచ్చింది దీపం చిమ్నీ, అదీ పగిలింది.
ఇక్కడి వరసని చూసి పెదవి విరిచింది.
"దీనికి పెద్దదిక్కు లేదు, కాజిక్."
నా లెక్కల నోటుబుక్కులో పేజీ చింపి
ఒకటి, రెండు, మూడు
పేర్లు రాయడం మొదలెట్టింది.

నవ్వారు మొదట.
పదింటికల్లా మాత్రం
ప్లాస్టిక్ కత్తులవాళ్ళు, వెండిరంగు ముఖాలవాళ్ళు,
నల్లదుప్పటి కప్పుకున్న ఆరడుగుల మనిషి
చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడి
బాత్రూముకి వెళ్ళొస్తామని అడిగి వెళ్ళేవాళ్ళు.
వెళితే ఒక గీత.
తిరిగొస్తే దానిమీద అడ్డగీత.

పన్నెండైంది. తలుపు తెరిచారు.
జాబితా గీబితా ఎవడిక్కావాలి,
కట్ట తెగిన నీళ్ళలా జనం.
నేను అరల దగ్గరికి చేరేసరికి
కెప్టెన్ లేడు, రాజద్రోహి లేడు,
పైలట్ల కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి.
మిగిలింది ఒక్కర్తే,
లాంతరు పట్టుకున్న ముసలి మెకానిక్కు.
తర్వాత సినిమాలో లెక్కపెట్టాను,
మూడు సెకన్లుంటుంది. మాటల్లేవు.

కారులో ఏడుపు దిగమింగి చెప్పాను,
అట్ట విప్పకూడదు బూషా, విప్పితే విలువ పోతుంది.
ఆమె వీధిదీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఈవిడ పనికి పోతోంది," అంది,
"పోనీవా?"
పంటితో ప్లాస్టిక్ చీల్చింది.

తర్వాత సంపాదించాను, ఒక్కటొక్కటే, కెప్టెన్‌తో సహా,
విప్పనివి, నలుగు పడనివి, నూటపదహారు.
పని పోయిన ఏడు
అన్నీ లమాంట్‌కే అమ్మాను.
బేరమాడలేదు వాడు. నాకదే బాధ.
లాంతరావిడ నా దగ్గరే ఉంది,
లాంతరు ఎక్కడో పోయింది,
పిడికిలి మాత్రం ఇంకా బిగించే ఉంది.

బూషా పోయాక ఆమె ప్రార్థనల పుస్తకంలో
ఆ నోటుబుక్కు పేజీ దొరికింది.
మడతల దగ్గర చిరుగులు, మూల మీద గుడ్డు మరక.
ఇరవై ఏడు, కాజిక్.
ఇరవై ఎనిమిది, లమాంట్.
ముప్పై నాలుగు, నల్లదుప్పటి.
అందరి పక్కనా గీత, గీత మీద అడ్డగీత.

నలభై ఒకటి: వెండి హెల్మెట్, పేరు చెప్పలేదు.
వెళ్ళినట్టు గీత ఉంది.
వచ్చినట్టు లేదు.
పక్కన పెన్సిల్‌తో, పోలిష్‌లో,
ఒక్క మాట:
ఉంచాను.